పది కిలోమీటర్ల పరుగు కోసం సైకిల్ తొక్కిన తీరు

ఒలింపిక్ దూరం ట్రయాథ్లాన్‌లో 1.5 కిలోమీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, చివర 10 కిలోమీటర్ల పరుగు ఉంటాయి. పేరు నమోదు చేసుకున్నప్పటి నుంచి నాకు ఒకటే పట్టుదల. సైకిల్ ఎంత గట్టిగా తొక్కితే మొత్తం సమయం తగ్గుతుందో తేల్చుకోవాలి. "సైకిల్ మీద లాగినంత లాగెయ్, పరుగులో ఎలాగూ అందరికీ కాళ్లు పోతాయి" అని చెన్నైలో మాతో తొక్కేవాళ్లు కొందరు గట్టిగా చెబుతారు. నాకు ఆ మాట నచ్చలేదు, లెక్కేసి చూశాను.

చదునైన రోడ్డు మీద మన శక్తిలో ఎక్కువ భాగం గాలిని నెట్టడానికే పోతుంది. ఆ శక్తి వేగంతో సమానంగా పెరగదు, దాదాపు వేగం ఘనం చొప్పున పెరుగుతుంది. పది శాతం ఎక్కువ పవర్ (దాన్ని వాట్స్‌లో కొలుస్తారు) పెట్టినా వేగం మూడు శాతం పైచిలుకే పెరుగుతుంది. 40 కిలోమీటర్లకు 80 నిమిషాలు పట్టేవాళ్లకు అలా కలిసొచ్చేది రెండున్నర నిమిషాలు. ఆ అలసటకు పరుగు కిలోమీటరుకు అర నిమిషం మందగించిందా, ఐదు నిమిషాలు పోయినట్టే.

లెక్క సరే, నా కాళ్లేమంటాయో చూడాలి కదా. మాతో తొక్కే నెల్లూరు అన్న ఒకాయన "ముందు నీ ఎఫ్‌టీపీ ఎంతో తేల్చుకోమ్మా, మిగతాది తర్వాత" అన్నారు. గంటసేపు నిలబెట్టగలిగే పవర్‌కు దగ్గరి అంచనా అది. ఇరవై నిమిషాలు శక్తికొద్దీ తొక్కి, ఆ సగటులో 95 శాతం తీసుకుంటారు. నాకు 180 వాట్స్ వచ్చింది.

ఆ తర్వాత ఈసీఆర్, అంటే చెన్నై ఈస్ట్ కోస్ట్ రోడ్డు. తెల్లవారుజామున ట్రాఫిక్ పెరగకముందే అక్కరై నుంచి మహాబలిపురం వైపు తొక్కి, తిరిగొచ్చి, సైకిల్ దిగీదిగగానే పరుగు. దీన్నే బ్రిక్ అంటారు. ఒక ఆదివారం 153 వాట్స్, అంటే ఎఫ్‌టీపీలో 85 శాతం. ఇంకో ఆదివారం 166, అంటే 92 శాతం. 153తో తొక్కిన రోజు మొదటి కిలోమీటరు కాళ్లు మొద్దుబారినట్టున్నా, తర్వాత కిలోమీటరుకు 5:40 నిమిషాల దగ్గర కుదురుకున్నాను. 166 రోజున సైకిల్ మీద రెండు నిమిషాల లోపే కలిసొచ్చింది. పరుగు మాత్రం నాలుగో కిలోమీటరు దాటాక 6:20కి పడిపోయింది. హార్ట్ రేట్ పైపైకే పోయింది.

కారణం స్పష్టమే. ఎఫ్‌టీపీకి దగ్గరయ్యే కొద్దీ కండరాలు కొవ్వును తక్కువగా, గ్లైకోజెన్‌ను (ఒంట్లో నిల్వ ఉండే కార్బోహైడ్రేట్) ఎక్కువగా ఖర్చు చేస్తాయి. ఆ నిల్వ పరిమితం. దానికి తోడు చెన్నై ఉక్కపోతలో చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. వేడిని బయటికి పంపడానికి రక్తం చర్మం వైపు మళ్లుతుంది, అదే వేగానికి గుండె మరింత గట్టిగా కొట్టుకోవాలి.

నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇంకో రోజు. సగటు పవర్ 153 దగ్గరే ఉంది, కానీ సిగ్నల్ దాటాక ఒక ఉరుకు, ముట్టుకాడు వంతెన మీద లేచి నిలబడి ఇంకో ఉరుకు, ఎవరైనా దాటిపోతే మరొకటి. ఆ రోజు పరుగు 166 రోజు పరుగులాగే సాగింది. సగటు ఈ ఖర్చును చూపించదు. నార్మలైజ్డ్ పవర్ చూపిస్తుంది, ఎందుకంటే అందులో పవర్‌ను నాలుగో ఘాతానికి పెంచి సగటు తీస్తారు, ఒక్కో ఉరుకు బరువు అలా బయటపడుతుంది. అన్న చెప్పింది ఇదే: "రోడ్డు లేస్తే గేరు తగ్గించు, లేచి నిలబడొద్దు. పక్కోళ్లు దాటిపోతే పోనీ." ఆ మాట పాటించడానికి చాలా ఓపిక కావాలి, ముఖ్యంగా మన వయసు గ్రూపు వాళ్లే దాటిపోతుంటే.

కేడెన్స్ (నిమిషానికి పెడల్ ఎన్నిసార్లు తిరుగుతుందో ఆ లెక్క) గురించి రకరకాలుగా చెబుతారు. 85-90 మధ్య నాకు హాయిగా ఉంది, అక్కడే ఉంచేశాను.

పోటీలో సైకిల్ అంతా 150-155 మధ్య పట్టుకున్నాను, ఎదురుగాలిలో కూడా. సీసాలో కార్బ్ డ్రింక్ గంటకు 60 గ్రాముల లెక్కన కలుపుకుని కొంచెం కొంచెంగా తాగాను. ముందు నన్ను దాటిన చాలామంది పరుగు రెండో సగంలో మళ్లీ కనిపించారు. నేను 5:40కి అటూ ఇటూగా చివరి దాకా పరుగెత్తాను.

తర్వాతిది 70.3 (మొత్తం 70.3 మైళ్ల ట్రయాథ్లాన్): 90 కిలోమీటర్ల సైకిల్ తర్వాత 21.1 కిలోమీటర్ల పరుగు. అంతసేపు 85 శాతం నావల్ల కాదు. 75 శాతంతో మొదలుపెట్టి, అదే ఈసీఆర్ మీద పరుగు ఎక్కడ తడబడుతుందో చూస్తున్నాను. ఈసారి వాట్స్‌తో పాటు గంటకు ఎన్ని గ్రాముల కార్బ్ కడుపు తట్టుకుంటుందో కూడా రాసుకుంటున్నాను.