ఆదివారం ఫోన్ రాకపోతే

భర్త ట్రైనింగ్‌లో ఉన్న ఆడమనిషి కనబడితే ఊళ్లో అందరూ అడిగే మాట ఒకటే: "ఫోన్ చేసిండా?" కిరాణం కొట్టు దగ్గర అడుగుతారు, అంగన్‌వాడీ దగ్గర అడుగుతారు, పత్తి చేలో కలుపు తీస్తూ అడుగుతారు. ప్రేమతోనే అడుగుతారు, కాదనను. కానీ వారం దాటి ఫోన్ రాని మనిషికి ఆ మాట ఎక్కడ తగులుతుందో వాళ్లకు తెలియదు. మా ఆయన బీఎస్ఎఫ్ ట్రైనింగ్‌కు గ్వాలియర్ దగ్గరున్న టేకన్‌పూర్‌కు పోయాక నేను ముందుగా నేర్చుకున్నది, "చేసిండు, మంచిగనే ఉన్నడట" అని నవ్వుతూ చెప్పి ముందుకు నడవడం. చేయకపోయినా సరే.

మాది దేవరకొండ దగ్గర పల్లె. మా ఆయనకు యూనిఫాం పిచ్చి పెళ్లికి ముందు నుంచే ఉంది. గ్రౌండ్‌లో ఐదు కిలోమీటర్లు 24 నిమిషాల్లో పరుగెత్తడం ఆయనకు లెక్క కాదు. పరీక్ష హిందీలోనో ఇంగ్లీషులోనో రాయాలి కాబట్టి అక్కడే ఆగిపోయేవాడు. కేంద్ర బలగాల కానిస్టేబుల్ పరీక్షను 2024లో మొదటిసారి తెలుగులో కూడా పెట్టారు. ఫిబ్రవరిలో రాశాడు, డిసెంబరులో ఫైనల్ లిస్టులో పేరొచ్చింది. అప్పటికి మా పెళ్లయి పాప కూడా పుట్టింది. "పెండ్లయినోళ్లను తీసుకుంటరా?" అని చాలామంది అనుమానపడ్డారు. అగ్నివీర్‌కు పెళ్లి కాని వాళ్లే కావాలి గానీ బీఎస్ఎఫ్, సీఆర్పీఎఫ్‌లకు ఆ అడ్డు లేదు.

జాయినింగ్ లెటర్ వచ్చిన తర్వాత ఏడవడానికి కూడా తీరిక లేకపోయింది. దేవరకొండలో నల్ల రేకు పెట్టె, రెండు తాళాలు, తెల్ల బనీన్లు, దోమతెర కొన్నాం. జిరాక్సులకు, పాస్‌పోర్టు ఫోటోలకు అయితే లెక్కే లేదు. పెట్టె మీద పేరు, ఊరు, జిల్లా తెల్ల పెయింటుతో రాయించాం. మా పెళ్లికి సర్టిఫికెట్ లేదు. పల్లెల్లో ఎవరు తీసుకుంటారు? శుభలేఖ, పెళ్లి ఫోటో, సాక్షుల ఆధార్ కార్డులు పట్టుకుని పంచాయతీ సెక్రటరీ చుట్టూ తిరిగి ఆ కాగితం సంపాదించాం. నామినీగా నా పేరు, పాప పేరు ఎక్కాలంటే ముందు మేము భార్యాభర్తలమని కాగితం చెప్పాలి కదా.

అప్పుడు మా వాడకట్టులో ఒక అక్క చెప్పిన మాట వెయ్యి రూపాయల విలువైనది. వాళ్లాయన ఆర్మీలో ఉంటాడు. "చెల్లే, ఆయన పాత సిమ్ము నీ దగ్గర పెట్టుకో. ఆడికి కొత్త సిమ్ము తీస్కపొమ్మను" అంది. భూమి ఆయన పేరు మీద, గ్యాస్ ఆయన పేరు మీద, బ్యాంకు, ఆధార్, కరెంటు బిల్లు అన్నిటికీ ఆయన నంబరే. అక్కడేమో ఫోన్ తీసుకుని బీరువాలో పెట్టేస్తారు. ఓటీపీ వస్తే చదివి చెప్పేవాళ్లు ఎవరు? ఆయన వెళ్లేముందు రోజు రాత్రి సిమ్ తీసి నా ఫోన్‌లో రెండో స్లాట్‌లో వేశాడు. భార్యకు బంగారం ఇచ్చి పోయేవాళ్లుంటారేమో గానీ నాకు మాత్రం ఆ సిమ్మే అక్కరకొచ్చింది.

ట్రైనింగ్ 44 వారాలు. నెలల్లో చెబితే తక్కువనిపిస్తుందని మా అత్తమ్మకు పది నెలలని చెప్పాం. కొత్తలో ఫోనే లేదు. తర్వాత ఆదివారం సాయంత్రం కాసేపు ఇచ్చేవాళ్లు. అది కూడా ఖాయమని చెప్పలేం. ఒకడు ఫాలిన్‌కు, అంటే వరుసలో నిలబడడానికి, ఆలస్యంగా వస్తే, ఒకడి మంచం కింద బూటు మురికిగా కనిపిస్తే ప్లాటూన్ మొత్తానికీ రగ్డా, అంటే ఒళ్లు హూనం చేసే శిక్ష. ఆ వారం ఎవరికీ ఫోన్ లేదు. ఈ సంగతి తెలియక ముందు ఆదివారం రాత్రి పదకొండు దాకా ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. తెలిశాక, రాకపోతే ఎవడో బూటు తుడవలేదనుకుని పడుకోవడం అలవాటు చేసుకున్నాను. ఇది ధైర్యం కాదు. ఏదో ఒక కారణం దొరికితే మనసు కాస్త నెమ్మదిస్తుంది, అంతే.

ఫోన్ వస్తే అదొక బాధ. చుట్టూ వందమంది ఒకేసారి మాట్లాడుతుంటారు. ఒకడు తమిళంలో అరుస్తుంటాడు, ఒకడు బెంగాలీలో. డ్రిల్‌లో అరిచీ అరిచీ మా ఆయన గొంతు బొంగురుపోయి, ఎవరో పెద్దాయన మాట్లాడుతున్నట్టుండేది. "తిన్నవా?" "తిన్న. నువ్వు?" "తిన్న. పాప?" "పండుకుంది." "నాయిన మందులు వేసుకుంటున్నడా?" ఇలా ఒకరికొకరు హాజరు వేసుకునేసరికి సగం టైమ్ అయిపోయేది. మిగతా సగంలో బోరు మోటారు కాలింది, రైతు భరోసా పడిందా, ఆడబిడ్డ సీమంతానికి ఏం పెట్టాలి. ఫోన్ పెట్టేశాక గుర్తొచ్చేది, పాప మొదటిసారి గడప దాటింది చెప్పలేదే అని.

అందుకే ఇద్దరం ఒక ఒప్పందానికి వచ్చాం. పని మాటలు ఫోన్‌లో, మిగతావి ఉత్తరంలో. పాల లెక్కలు రాసే పాత నోటుబుక్కులో వారమంతా పని మాటలు ఒక్కో ముక్కగా రాసి పెట్టుకునేదాన్ని: "మోటారు 4500. అప్పు తీసుకోవాలా, ఆగాలా." ఆయన "ఆగు" అంటే కొట్టేయడమే. మూడు నిమిషాల్లో సంసారం అయిపోయేది. మిగిలిన టైమ్‌లో ఏమీ మాట్లాడకపోయినా ఫర్వాలేదని అప్పుడే తెలిసింది.

ఉత్తరం రాయడం నాకు అంత సులువుగా రాలేదు. పదో తరగతిలో లీవ్ లెటర్ తర్వాత నేను రాసిందేముంది? మొదటి ఉత్తరం అర పేజీకే అయిపోయింది. తర్వాత తర్వాత చేయి తిరిగింది. పాప మేకపిల్లను "అన్నా" అని పిలిచిన సంగతి, మామ మీసానికి రంగు వేసుకుంటూ చెవికి పూసుకున్న సంగతి, అన్నీ రాశాను. వంటల గురించి మాత్రం రాయొద్దని కబురు పెట్టాడు. మెస్‌లో రోటీలు, పప్పు తినీ తినీ ఉన్నవాడికి పచ్చి పులుసు గురించి రాస్తే పాపమే మరి. ఆయన ఉత్తరాలు చిన్నవి. ఒకదాంట్లో, ట్రైనింగ్ ఇచ్చే ఉస్తాద్ తిడితే మొదట్లో అర్థమయ్యేది కాదు, ఇప్పుడు అర్థమవుతోంది, అర్థం కానప్పుడే బాగుండేదని రాశాడు. మన హైదరాబాద్ హిందీ విని అక్కడివాళ్లు నవ్వుతారట.

మే నెల గురించి రాయాలంటే ఇప్పటికీ చేయి ఆగుతుంది. 2025 మే 7న ఆపరేషన్ సిందూర్ మొదలైంది. ఇంట్లో టీవీ ఆగకుండా మోగుతోంది, సరిహద్దు, డ్రోన్లు, బీఎస్ఎఫ్ అని. ఆయన ఇంకా ట్రైనింగ్‌లోనే ఉన్నాడు, సరిహద్దుకు పంపరని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపులో దడ పోతుందా? అత్తమ్మకు 2020 జూన్ గుర్తొచ్చింది. గల్వాన్‌లో చనిపోయిన కర్నల్ సంతోష్ బాబు సార్‌ది సూర్యాపేట, మా ఉమ్మడి జిల్లానే. ఆ రోజుల్లో టీవీ ముందు కూర్చుని ఏడ్చిన మనిషి, ఇప్పుడు కొడుకునే పంపింది. అన్నం ముట్టలేదు. నేను టీవీ వైరు పీకేసి, రీచార్జ్ అయిపోయిందని చెప్పాను. పదో తారీఖు కాల్పులు ఆగాయని పక్కింటి పిల్లాడు చెబితే, "రీచార్జ్ చేయించు ఇగ" అంది. ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

నాకు అన్నిటికంటే ఎక్కువ ఆసరా మా ఆయన నాయనమ్మ. ఎనభై దాటిన మనిషి. ఆమె భర్త మట్టి పనికి బొంబాయి పోయేవాడట. పాలమూరు, దేవరకొండ వైపు కరువు సంవత్సరాల్లో మేస్త్రీ దగ్గర బయానా (అడ్వాన్సు) తీసుకుని పోవడం మామూలే. ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు మిగిలేవాళ్లు. నేనొక రాత్రి ఏడుస్తుంటే ఆమె పక్కకు రాలేదు, తల నిమరలేదు. చుట్ట కాలుస్తూ మంచం మీద నుంచే అంది: "నీ మొగడు ఏడున్నడో నీకెరికె. ఎప్పుడొస్తడో ఎరికె. నెల కాంగనె జీతం పడ్తది. మాకు ఈ మూడిట్ల ఒక్కటి గూడ ఎరికలేకుండె బిడ్డా. పండుకో." కోపం వచ్చింది. నా ఏడుపు నాది, ఆమె కష్టంతో కొలవడం ఎందుకు? తెల్లారి లెక్కలు చూసుకుంటుంటే మాత్రం ఆ మూడో మాట నిజమేననిపించింది. బేసిక్ 21,700 ట్రైనింగ్ నుంచే మొదలవుతుంది. మెస్ ఖర్చులు పోగా మిగిలింది ఇంటికి వస్తుంది. ఎదురుచూపుకు కూలి దొరికే రోజులొచ్చాయన్నమాట.

తల్లిగారింటికి పొమ్మని చాలామంది అన్నారు. కల్వకుర్తి వైపు మా అమ్మవాళ్లది. డిండి మీదుగా బస్సెక్కితే ఎంతసేపు? ఎండాకాలం అక్కడే ఉన్నాను. అమ్మ దగ్గర ఉంటే కడుపు నిండుతుంది గానీ పొద్దు గడవదు. ఏ పనీ చేయనివ్వరు, ఖాళీగా కూర్చుంటే ఆయనే గుర్తొస్తాడు. వానలు పడగానే వచ్చేశాను. పత్తి గింజలు పెట్టిన నాటి నుంచి రోజులు వాటంతట అవే పోయాయి.

సద్దుల బతుకమ్మ నాడు కొంచెం కష్టమైంది. తంగేడు పువ్వు తెచ్చేది ఎప్పుడూ ఆయనే. ఈసారి మామ తెచ్చాడు, సైకిల్ మీద, సగం దారిలో రాల్చుకుంటూ. మలీద ముద్దలు పంచుతుంటే ఎవరో మళ్లీ అడిగారు, ఫోన్ చేసిండా అని. ఆ రోజు నిజంగానే చేశాడు.

అక్టోబరు చివర్లో మొంథా తుపాను వచ్చింది. చెట్టు మీద పగిలిన పత్తి అంతా నానిపోయింది. ఆ ఏడు ప్రభుత్వ మద్దతు ధర క్వింటాలుకు 8,110 ఉన్నా, తేమ 12 శాతం దాటితే కొనరు. అమ్మాలంటే కపాస్ కిసాన్ యాప్‌లో స్లాట్ బుక్ చేసుకోవాలి. పట్టా ఆయన పేరు మీద, నంబరు ఆయనది. ఓటీపీ టింగుమని నా ఫోన్‌లోనే మోగింది. మా పక్క చేను వాళ్ల అబ్బాయి దుబాయ్‌లో ఉంటాడు, సిమ్ అతని దగ్గరే ఉంది. వాళ్లు పడ్డ తిప్పలు చూశాక వాడకట్టు అక్కకు ఒక చీర పెట్టాలనుకున్నాను, ఇంకా పెట్టలేదు. పత్తిని ఇంటి డాబా మీద, బడి ముందు సిమెంటు రోడ్డు మీద ఆరబోశాం. మధ్యాహ్నం ఒకసారి తిరగేయాలి, సాయంత్రం మంచు పడకముందే ఎత్తాలి. పిడికెడు పత్తి తీసి నొక్కి వదిలితే మళ్లీ పొంగాలి, గింజ కొరికితే టక్కుమనాలి. ఇది మామ నేర్పాడు. జిన్నింగ్ మిల్లులో మీటరు పెట్టినప్పుడు పదకొండు చూపించింది. ఆ ఆదివారం ఫోన్‌లో నేను చెప్పిన మొదటి మాట "పదకొండు". ఆయన పక్కనున్నవాళ్లతో ఏదో అన్నాడు, వాళ్లందరూ చప్పట్లు కొట్టారు. వాళ్లకేం అర్థమైందో మరి.

ట్రైనింగ్ అయిపోయి పాసింగ్ అవుట్ పరేడ్‌కు రమ్మన్నప్పుడు సంక్రాంతి ముందు రోజులు. అత్తమ్మ సకినాలు డబ్బాకెత్తింది. తెలంగాణ ఎక్స్‌ప్రెస్‌లో పోయాం, పొగమంచుకు రైలు ఆలస్యమై గ్వాలియర్‌లో దిగేసరికి బాగా పొద్దెక్కింది. అంత చలి మేమెప్పుడూ చూడలేదు. పాపకు రెండు స్వెట్టర్లు వేసి పైన శాలువా చుట్టాను. మైదానంలో అందరూ ఒకే ఎత్తు, ఒకే నడక, ఒకే గుండు. నా మొగుడు ఎవరో నాకే తెలియలేదు. అత్తమ్మ మాత్రం మూడో వరుసలో చూపించి "గా ఎడమ భుజం కొంచెం వంగినోడు" అంది. ఆమె అన్నది నిజమే. పరేడ్ అయ్యాక దగ్గరికొస్తే పాప ఆయన వైపు చూడలేదు, టోపీ మీదున్న బిళ్ల వైపే చూసింది. ఆయన టోపీ తీసి ఇచ్చేశాడు. ఆ పూటంతా అది దాని దగ్గరే ఉంది, ఎవరడిగినా ఇవ్వలేదు. ఆయన దగ్గరికి మాత్రం మరునాటికి గానీ పోలేదు.

సెలవుకు ఇంటికొచ్చిన ఆయన తెల్లవారుజామున నాలుగున్నరకే లేచి మంచం మీద దుప్పటి గీత గీసినట్టు మడతపెట్టి కూర్చునేవాడు. ఇంట్లో అందరం నిద్రలోనే ఉండేవాళ్లం. రెండు రోజులు చూసి నాయనమ్మ, "గంత పొద్దుగాల లేస్తే బర్రెలకన్న గడ్డెయ్" అని పురమాయించింది.

ఇప్పుడు పోస్టింగ్ సరిహద్దు బెటాలియన్‌కు వచ్చింది. ఫోన్ ఆయన దగ్గరే ఉంటుంది, సిగ్నల్ ఉన్నచోట రోజూ మాట్లాడుకుంటాం. ఉత్తరాలు ఆగిపోయాయి, అది మాత్రం నాకు నచ్చలేదు. నెలకొకటైనా రాయమని పోట్లాడాను, ఒప్పుకున్నాడు, ఇంకా రాలేదు. ఫ్యామిలీ క్వార్టర్ దొరికే చోటికి బదిలీ అయితే మేమూ పోతాం. అప్పటిదాకా రైలు టికెట్లు అరవై రోజుల ముందే తెరుస్తారు కాబట్టి, ఆయన సెలవు తేదీ చెప్పగానే బుక్ చేయడం నా పని. సిమ్ ఇంకా రెండో స్లాట్‌లోనే ఉంది.