నాలుగు అంగుళాల చుట్టకు మార్కులు వేయడానికి నాకు రెండు శనివారాలు పట్టింది

చొక్కాకు ఇంకా పొగ వాసన ఉండగానే ఇది రాస్తున్నాను. గత శనివారం పది మంది ముందు తల దించుకుని వచ్చిన గదిలోకే నిన్న సాయంత్రం మళ్లీ వెళ్లి, తల ఎత్తుకుని వచ్చాను.

నేనుండేది ఫ్లోరిడాలోని టాంపాలో. ఇక్కడ ఈబోర్ సిటీ అని పాత పేట ఒకటుంది. చుట్టల వ్యాపారి విసెంతే మార్టినెజ్ ఈబోర్ 1885లో కీ వెస్ట్ నుంచి వచ్చి కట్టించిన పేట అది. క్యూబా, స్పెయిన్, ఇటలీల నుంచి వచ్చిన పనివాళ్లు వరుసగా బల్లల ముందు కూర్చుని చుట్టలు చుడుతుంటే, ఎత్తైన ఆసనం మీద ఒకరు కూర్చుని వార్తలూ నవలలూ చదివి వినిపించేవారు. ఆ చదివే మనిషికి జీతం పనివాళ్లే తలా కొంత వేసుకుని ఇచ్చుకునేవారు. 1931లో యజమానులు ఆ పద్ధతి తీసేశారు. కూలి డబ్బుల్లోంచి చదువు కొనుక్కున్న ఆ మనుషులంటే నాకు చాలా గౌరవం. ఆ వీధుల్లో ఇప్పటికీ కోళ్లు యథేచ్ఛగా తిరుగుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు మా ఊరికి వచ్చినట్టే అనిపించింది.

మాది గోదావరి లంక. తాతయ్య లంక పొగాకు పండించేవారు. వరద తీశాక మిగిలిన ఒండ్రులో మొక్క నాటడం, కోసిన ఆకును తాళ్లకు గుచ్చి ఆరగట్టడం, ఆరిన ఆకును మండె కట్టి మాగబెట్టడం, ఇవన్నీ చూస్తూ పెరిగాను. ఆకు రెండు వేళ్ల మధ్య పట్టుకుంటే తేమ ఎక్కువైందో తక్కువైందో ఇప్పటికీ చెప్పగలను. అందుకే ఇక్కడి ఒక సిగార్ల దుకాణంలో, కొత్తగా వచ్చే సరుకును పేరు తెలియకుండా రుచి చూసి మార్కులు వేసే బృందంలో ఒక చోటు ఖాళీ అయిందని తెలియగానే అర్జీ పెట్టాను.

ఇరవై ఒక్క ఏళ్లు దాటాయని గుర్తింపు కార్డు చూపించడం, ఫారం నింపడం, రుసుము కట్టడం పది నిమిషాల్లో అయిపోయాయి. ఆ పూట ఊరగాయ, కాఫీ ముట్టుకోవద్దని ముందే చెప్పారు. అది మంచి సలహా. ఎవరు వెళ్లినా పాటించండి.

పరీక్షకు ఇచ్చింది చిన్న సిగార్. పొడవు నాలుగు అంగుళాలు, లావు 40. ఈ లావు లెక్క అంగుళాన్ని 64 భాగాలు చేసి చెబుతారు. అంటే మన కొలతలో సుమారు 16 మిల్లీమీటర్లు. చిన్నది కదా అని చవక సరుకు అనుకోకండి. లోపల తుక్కు కాదు, నిలువునా పొడవాటి ఆకులు. చేత్తో చుట్టింది. కంపెనీ పేరున్న కాగితపు పట్టీ తీసేసి ఇచ్చారు. మార్కులు నూటికి: చూపుకు 15, పొగ రావడానికీ కాలడానికీ 25, రుచికి 40, మొత్తం మీద కలిగిన అభిప్రాయానికి 20.

కొన కత్తిరించాను, ముట్టించాను. తాతయ్య చుట్ట కాల్చిన తీరు నా కళ్లలో ఉంది: గట్టిగా, వెంటవెంటనే దమ్ము లాగేవారు. నేనూ అలాగే లాగాను. పన్నెండు నిమిషాలకల్లా సగం అయిపోయింది. ఆ సరికి పొగ నాలుకను కాలుస్తోంది. చేదు గొంతులోకి దిగింది. సిగార్ పట్టుకున్న వేళ్లకే వేడి తెలుస్తోంది. మొదట్లో ఏదో మంచి వాసన తగిలిన మాట నిజం. రుచుల గడిలో దాన్ని ‘వేయించిన ధనియాలు’ అనీ, ముట్టించక ముందు వచ్చిన వాసనను ‘కొత్త కుండలో నీళ్లు’ అనీ ఇంగ్లీషులో రాశాను. చివరికి 71 మార్కులు వేశాను.

నిర్వాహకుడు అందరి కాగితాలూ తీసుకున్నాడు. మిగతా వాళ్లవి 85కు పైనే ఉన్నాయి. నాది మాత్రం పైకి చదివాడు. ఎర్ర కలం తీసి ధనియాలను కొట్టేశాడు, కుండను కొట్టేశాడు. అవి వాళ్లు ఇచ్చిన పట్టికలో లేని మాటలట. పట్టికలో దేవదారు, తోలు, కోకో, కాఫీ, మిరియాలు ఉన్నాయి, అందులోంచే ఏరుకోవాలట. తర్వాత నా కాగితాన్ని అందరికీ కనిపించేలా పైకెత్తి, “ఈ మార్కులు సిగార్‌వి కావు, ఈయన తొందరవి” అన్నాడు. ఒకరిద్దరు నవ్వారు. నా చెవులు వేడెక్కాయి. పొగాకు చేలో పుట్టి పెరిగిన వాణ్ని, పొగాకు తెలియనివాడిలా నిలబడ్డాను. మంచినీళ్ల గ్లాసు ఎత్తితే చెయ్యి వణికింది.

అతను అన్న తీరును నేను క్షమించను. నేర్చుకోవడానికి వచ్చిన మనిషి తప్పును పక్కకు పిలిచి చెప్పాలి. పది మందిలో చదివేవాడికి గురువు స్థానంలో కూర్చునే అర్హత లేదు. కానీ అతను అన్న మాట నిజం. ఇంటికి వచ్చి రాత్రంతా ఆలోచిస్తే కారణం తెలిసింది.

50 లావున్న సిగార్‌తో పోలిస్తే 40 లావున్న దాని అడ్డుకోత వైశాల్యం మూడింట రెండు వంతుల లోపే ఉంటుంది. అంత సన్నని దారిలోంచి అదే దమ్ము లాగితే గాలి ఉధృతంగా దూరి, నిప్పు ఎర్రగా రాజుకుంటుంది. పైగా పొడవు తక్కువ, పొగ చల్లబడే లోపే నోటికి వచ్చేస్తుంది. వేడెక్కిన ఆకు చేదు తప్ప మరేమీ ఇవ్వదు. సన్నని సిగార్‌లో ఇంకో సంగతి కూడా ఉంది. లోపలి ఆకులు తక్కువ కాబట్టి, పైన చుట్టిన ఆకు వాటా పెరుగుతుంది. దాని రుచే ముందు పలుకుతుంది. నేను ఆ పై ఆకునే మాడ్చేశాను.

రెండో అవకాశం ఇస్తారని నియమాల్లో ఉంది, అదీ అదే సిగార్‌తో. వారమంతా సాధన చేశాను, ఒక్కటీ ముట్టించకుండా. వంటింటి గడియారం ఎదురుగా పెట్టుకుని, ముట్టించని సిగార్‌ను నిమిషానికి ఒక్కసారి పెదవుల దాకా తెచ్చి, నెమ్మదిగా లాగి, దించేవాణ్ని. ఎందుకు ముట్టించలేదో కూడా చెప్పాలి. నేను నెలకు రెండు దాటను. తాతయ్య నోటి పుండుతో పోయారు. మా తీరంలోనే, ఉత్తరాంధ్ర వైపు, అడ్డపొగ, అంటే నిప్పున్న కొనను నోట్లో పెట్టుకుని చుట్ట, తాగే ఆడవాళ్ల అంగిట్లో వచ్చే జబ్బు సంగతి డాక్టర్లు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నారు. సిగార్ పొగ ఊపిరితిత్తుల్లోకి పీల్చరు కాబట్టి ప్రమాదం లేదని దుకాణాల్లో చెప్పే మాట నమ్మకండి. నోరూ గొంతూ మనవే. అలవాటు లేనివాళ్లు ఇది చదివి మొదలుపెట్టకండి.

నిన్న సాయంత్రం తొందరపడలేదు. ముందు సిగార్‌ను దీపం కింద తిప్పి చూశాను. ఎండిన తాటిమట్ట రంగు, ఈనెలు సన్నగా, నూనె మెరుపు పల్చగా ఉన్నాయి. వేళ్లతో నొక్కితే ఎక్కడా బోలుగా లేదు. తేమ సరిగ్గా ఉంది. కొనను రెండు మిల్లీమీటర్ల కంటే ఎక్కువ కొయ్యలేదు. అగ్గిపుల్ల గంధకం పూర్తిగా కాలేదాకా ఆగి, మంటను ఆకుకు తగలనివ్వకుండా కాస్త కింద పెట్టి, అంచంతా సమంగా ఎర్రబడే వరకు తిప్పాను. ఆ తర్వాతే మొదటి దమ్ము.

మొదటి పది నిమిషాలు ఎండుగడ్డి, కాస్త తీపి. తర్వాత కమ్మదనం పెరిగింది, బెల్లం పాకం ముదరక ముందు వచ్చే వాసన లాంటిది. నుసి ముప్పావు అంగుళం దాకా తెల్లగా, రాలకుండా నిలిచింది. సగంలో నోట్లోని పొగను కొద్దిగా ముక్కులోంచి వదిలాను. ఎక్కువ వదిలితే ఘాటు నసాళానికి ఎక్కుతుంది, చిటికెడంతే చాలు. అప్పుడు వచ్చింది, సందేహం లేకుండా, మూకుట్లో దోరగా వేగిన ధనియాల వాసన. పోయిన వారం ఎర్ర కలం కొట్టేసిన మాట!

ఈసారి దాన్ని తెలుగు లిపిలోనే రాసి, కింద ఇంగ్లీషు మాట రాశాను. పక్క కుర్చీలో క్యూబా నుంచి వచ్చి స్థిరపడిన పెద్దావిడ ఉన్నారు. ఆ అక్షరాలు ఏ భాషవని అడిగారు. చెప్పాను. ఆవిడ కళ్లు మూసుకుని ఒక దమ్ము లాగి, ముక్కులోంచి వదిలి, “ఉంది, మా అమ్మ వంటింట్లో ఉండేది” అన్నారు. తన కాగితంలో కూడా రాసుకున్నారు.

చివరి అంగుళంలో కాస్త వగరు వచ్చింది, దానికి మార్కులు తగ్గించాను. మొత్తం 45 నిమిషాలు కాలింది. 87 వేశాను. నిర్వాహకుడు కాగితం రెండుసార్లు చదివాడు. ఎర్ర కలం బయటికి తీయలేదు. బృందంలో చోటు ఇస్తున్నట్టు అక్కడికక్కడే చెప్పాడు.

పాత 71ని రికార్డులోంచి తీసేయమని అడిగాను. అది మాడ్చిన సిగార్‌కు వేసిన మార్కు, తయారుచేసిన వాళ్ల పాపం ఏమీ లేదు కదా అన్నాను. ఒకసారి ఎక్కిన అంకె దిద్దడం కుదరదన్నాడు. వచ్చే నెల వెళ్లినప్పుడు మళ్లీ అడుగుతాను.