స్థితప్రజ్ఞుడు ఎలా కూర్చుంటాడు?

భగవద్గీత రెండో అధ్యాయంలో అర్జునుడు అడిగిన ఒక ప్రశ్న నాకెంతో ఇష్టం. స్థిరమైన బుద్ధి గలవాడు ఎలా ఉంటాడో చెప్పమంటూ, "స్థితధీః కిం ప్రభాషేత కిమాసీత వ్రజేత కిమ్" అంటాడు. అతను ఎలా మాట్లాడతాడు, ఎలా కూర్చుంటాడు, ఎలా నడుస్తాడు? రెండు సేనల మధ్య నిలబడి అడిగిన మాట ఇది. మనిషి పొద్దున్నే లేచి పడుకునేదాకా చేసే మామూలు పనుల గురించి అడిగాడు. జ్ఞానం ఉంటే అది అక్కడే కనపడాలని అర్జునుడికి తెలుసు.

కృష్ణుడి జవాబు 55వ శ్లోకంలో మొదలై అధ్యాయం చివరిదాకా సాగుతుంది. 70వ శ్లోకం దగ్గరికి వచ్చేసరికి సముద్రం కనిపిస్తుంది.

ఆపూర్యమాణమచలప్రతిష్ఠం
సముద్రమాపః ప్రవిశంతి యద్వత్ ।
తద్వత్కామా యం ప్రవిశంతి సర్వే
స శాంతిమాప్నోతి న కామకామీ ॥

అన్ని వైపుల నుంచీ నీళ్ళు వచ్చి చేరుతున్నా సముద్రం నిలకడగానే ఉంటుంది. అలా కోరికలన్నీ తనలోకి వచ్చి చేరినా చలించనివాడికే శాంతి. కోరికల వెంట పరిగెత్తేవాడికి అది దొరకదు.

ఈ శ్లోకం కళ్ళెదుట కనిపించే చోటు మన కోనసీమలోనే ఉంది. అంతర్వేదిలో వశిష్ఠ గోదావరి సముద్రంలో కలుస్తుంది. ఆ కలిసే చోటును అక్కడివాళ్ళు అన్నాచెల్లెళ్ళ గట్టు అంటారు. 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర గోదావరి ప్రవాహం 35 లక్షల క్యూసెక్కులు దాటింది. 2022 జులైలో 25 లక్షలు దాటింది. లంకలు మునిగాయి, ఊళ్ళు ఖాళీ అయ్యాయి. ఆ ఎర్రనీళ్ళన్నీ పాయలుగా చీలి చివరికి సముద్రంలోకే వెళ్ళాయి. ఎండాకాలంలో దీనికి పూర్తిగా ఉల్టా. బ్యారేజి గేట్లు మూసేస్తే కిందికి వచ్చే నీరు అంతంత మాత్రమే, పాయలోకి ఉప్పునీరు ఎగదన్నుతుంది. వరద వచ్చిందని సముద్రం పొంగిపోలేదు, నది ఎండిందని తగ్గిపోలేదు. పోటు, పాటు తమ వేళకు తాము వస్తూనే ఉన్నాయి.

ఈ శ్లోకాన్ని చాలామంది కోరికలు చంపుకోమని చెప్పే శ్లోకంలా చదువుతారు. నాకు అలా అనిపించదు. సముద్రం ఏ నదికీ అడ్డుగోడ కట్టదు, రావద్దని చెప్పదు. కోరికలు వస్తాయనే కృష్ణుడు కూడా అంటున్నాడు, అన్నీ వస్తాయంటున్నాడు. నిలకడ అంటే రాకుండా ఆపడం కాదు, వచ్చినప్పుడు ఊగిపోకపోవడం. ఇల్లూ పిల్లలూ అప్పులూ ఉన్న మనలాంటి వాళ్ళకు ఈ తేడా చాలా పెద్దది. కోరికే పుట్టకూడదంటే మనలో ఎంతమంది గీత దగ్గరికి ధైర్యంగా వెళ్ళగలం?

అందుకే అర్జునుడి ప్రశ్న పట్టుకుని తీరప్రాంతపు పల్లెను చూడాలనిపిస్తుంది. పడవ ఒడ్డుకు చేరేసరికి ఎవరో ఒకరు ఎదురొస్తారు.

"ఏం బాబాయ్, ఏవన్నా పడ్డాయా?"

"ఈయేళ లేదురా. రేపు చూద్దాం."

అంతే, సంభాషణ అయిపోయింది. డీజిల్ ఖర్చు నెత్తిన పడింది, రాత్రంతా నిద్ర లేదు, వల ఖాళీ. అయినా ఆ మాటలో సముద్రం మీద కోపం లేదు. బాగా పడిన రోజున కూడా "గంగమ్మ ఇచ్చింది" అంటారే గానీ నేను పట్టానన్న గొప్ప తక్కువగా వినిపిస్తుంది. పడవకు ఇంత, వలకు ఇంత, పని చేసిన మనిషికి ఇంత అని వాటాలు వేసుకుని ఎవరి ఇంటికి వాళ్ళు వెళతారు. లోపల బాధ లేదని కాదు. ఆ ఇళ్ళలో టెన్షన్ లేదంటే అబద్ధం అవుతుంది. కానీ ఆ బాధను పక్కవాడి మీదికి విసరకుండా, రేపటికి చోటు మిగిల్చి మాట్లాడటం చూస్తే "కిం ప్రభాషేత" అన్న ప్రశ్నకు జవాబు దొరికినట్టే అనిపిస్తుంది నాకు.

కూర్చోవడం చూడాలంటే వేసవిలో వెళ్ళాలి. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మర పడవలతో వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఆ గడువు పెట్టారు. సముద్రం ఎదురుగానే ఉంటుంది, దిగడానికి లేదు. చేతిలో డబ్బు ఆడని రోజులవి, ప్రభుత్వం ఇచ్చే భృతి కోసం చూసే రోజులు కూడా. అప్పుడు పల్లెలో నీడ ఉన్నచోటల్లా వలలు పరిచి ఉంటాయి. కాలి బొటనవేలికి వల తగిలించుకుని, తెగిన కన్ను దగ్గర దారం వేసి ముడి బిగిస్తూ గంటల తరబడి కూర్చుంటారు. ఒక కన్ను తరవాత ఇంకో కన్ను. పక్కన రేడియోనో, ఫోన్‌లో పాటో, మధ్యలో పెళ్ళి సంబంధాల కబుర్లో నడుస్తుంటాయి. చేపలు పెరగాలంటే తాను ఆగాలని తెలిసి ఆగడం, ఆగిన కాలాన్ని తిట్టుకుంటూ కాకుండా రేపటి వేటకు సిద్ధమవుతూ గడపడం, ఇంతకన్నా మంచి ఆసనం నాకు తెలియదు. గడువు ముగిశాక పడవకు పసుపు కుంకుమలు పెట్టి, కొబ్బరికాయ కొట్టి, గంగమ్మకు దణ్ణం పెట్టుకుని దిగుతారు.

నడక సంగతికి వస్తే, చేపల గంప నెత్తిన పెట్టుకుని పొద్దెక్కకముందే ఊళ్ళు తిరిగే ఆడవాళ్ళను చూడండి చాలు.

అంతర్వేదిలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం మాఘ శుద్ధ దశమి రాత్రి జరుగుతుంది, మర్నాడు భీష్మ ఏకాదశికి రథోత్సవం. ఇప్పుడున్న గుడిని 19వ శతాబ్దంలో కట్టించిన కొపనాతి కృష్ణమ్మ అగ్నికుల క్షత్రియుడే, అంటే ఈ గంగపుత్రుల మనిషే. 2020 సెప్టెంబరులో పాత రథం కాలిపోయినప్పుడు ఈ తీరమంతా తల్లడిల్లింది. 2021 ఫిబ్రవరి ఉత్సవానికి కొత్త రథం కదిలింది.

భీష్ముడి పేరున్న రోజు ఈ జనం మధ్య జరగడం నాకు మరీ మరీ బాగుంటుంది. ఆయన గంగ కొడుకు. రాజ్యం వద్దు, పెళ్ళి వద్దు అని ప్రతిజ్ఞ చేసింది మునుల ముందు కాదు, సత్యవతిని పెంచిన దాశరాజు ముందు. ఆ జాలరి తన కూతురి బిడ్డలకే రాజ్యం దక్కాలని పట్టుబట్టిన తండ్రి. వదులుకున్నవాడినీ కోరుకున్నవాడినీ భారతం ఒకే ఒడ్డున నిలబెట్టింది, ఎవరినీ చిన్నచూపు చూడలేదు. రథం తాడు పట్టుకునే వాళ్ళూ అంతే. కూతురి పెళ్ళి, కొడుకు ఉద్యోగం, బోటు అప్పు, అన్నీ స్వామికి చెప్పుకుంటారు.

ఈసారి భీష్మ ఏకాదశికి వెళ్ళేవాళ్ళు రథం చూసి వెంటనే బస్సెక్కేయకండి. జనం పలచబడ్డాక పల్లిపాలెం వైపు నడిచి, వలలు బాగుచేసుకునే వాళ్ళ దగ్గర కాసేపు కూర్చోండి. అర్జునుడి ప్రశ్న, కృష్ణుడి జవాబు కలిపి 19 శ్లోకాలే. పావుగంటలో చదివేయవచ్చు.