పాలిష్ కొట్టనన్నాడు

"పాలిషా? నేను కొట్టను బాబూ" అని వాచీ వెనక్కి తోసేశాడు గంటస్తంభం దగ్గర రిపేరు తాత.

మావయ్య వాచీ అది. రోలెక్స్ సబ్‌మెరైనర్, మోడల్ నంబరు 5513. ఓడ మీద పనిచేసే రోజుల్లో సింగపూర్‌లో కొన్నాడు. గీతలు పోతే రేటు పెరుగుతుందని నేనే పట్టుకెళ్లాను.

తాత భూతద్దం నా చేతిలో పెట్టాడు. డయల్ మీద చుక్కలు ఒకప్పుడు తెల్లగా ఉండేవట. చీకట్లో మెరిసే ట్రిటియం పూత. ఇప్పుడు టీలో ముంచిన బిస్కెట్ రంగు. నాకైతే పాడైపోయినట్టే కనిపించింది. కొనేవాళ్లు డబ్బులు పెట్టేది ఆ రంగుకే! కొత్త డయల్ వేయించినా, అంచులు అరిగేలా పాలిష్ కొట్టినా రేటు పడిపోతుంది. 1962 నుంచి ఏళ్ల తరబడి తయారైన మోడల్ కదా, ఒరిజినల్‌గా మిగిలినవాటికే గిరాకీ.

మా బావకీ సబ్‌మెరైనరే ఉంది, 2010 తర్వాతది. డయల్ చుట్టూ ఉండే రింగు, అదే బెజెల్, సిరామిక్‌ది. అంత తేలిగ్గా గీత పడదు, రంగు వెలవదు. దానికి బాక్సుందా, కార్డుందా, షోరూంలో ఎన్నాళ్లు ఆగాలి, ఇవే లెక్కలు.

అన్నట్టు, మావయ్యది 200 మీటర్ల లోతుకి దిగే వాచీ కదా. తాతేమో చేతులు కడుక్కునేటప్పుడు కూడా తీసెయ్యమన్నాడు. లోపల రబ్బరు రింగులు ఎండిపోయి ఉంటాయట.

సంబరంగా మావయ్యకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. మొత్తం విన్నాడు.

"ఏట్రా, అమ్ముతానని నీకెవరు చెప్పారు?"