బంగాళాఖాతం మీది మంచినీటి పొర

బంగాళాఖాతం ప్రవాహాలను కంప్యూటర్ మోడల్‌లో లెక్కగట్టడం నా పని. అలల గురించో, తుపానుల గురించో ఆలోచిస్తూ గడుపుతానని చాలామంది అనుకుంటారు గానీ, ఇన్నేళ్లలో నా కాలాన్ని అన్నిటికన్నా ఎక్కువగా తీసుకున్నది ఉప్పు.

నైరుతి రుతుపవనాల కాలంలో గంగా బ్రహ్మపుత్రలు, మయన్మార్‌లోని ఐరావతి, మహానది, గోదావరి తెచ్చే వరదనీరూ, సముద్రం మీదనే కురిసే వానా కలిసి బంగాళాఖాతపు పైనీటిని పలుచన చేస్తాయి. అరేబియా సముద్రంలో కిలో నీటికి సుమారు 36 గ్రాముల ఉప్పు ఉంటే, ఇక్కడ ఉత్తర భాగంలో వానాకాలం చివరికి అది 30 గ్రాముల కన్నా తగ్గిపోతుంది. తేలికైన ఈ నీరు బరువైన ఉప్పునీటి మీద పొరలా నిలిచి, గాలి వీచినా కింది నీటితో ఓ పట్టాన కలవదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తూర్పు తీర ప్రవాహం దక్షిణానికి సాగుతూ ఈ నీటిని సన్నని పట్టీలా ఆంధ్ర తీరం వెంబడి శ్రీలంక వైపు తీసుకుపోతుంది. వేసవి ముందు అదే ప్రవాహం దిశ మార్చుకొని ఉత్తరానికి నడుస్తుంది. నవంబరులో విశాఖ తీరాన నిలబడినప్పుడల్లా, కాళ్లను తడిపే ఆ నీటిలో ఎక్కడో హిమాలయాల వాటా కూడా ఉందన్న ఆలోచన నాకు ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఈ పొర తుపానులకూ సంబంధించిన విషయం. మేలో వచ్చే తుపాను సముద్రాన్ని చిలికి అడుగునున్న చల్లని నీటిని పైకి తెస్తుంది. ఆ చల్లదనం తుపానుకు అందే వేడిని కొంత తగ్గిస్తుంది. వానాకాలం తరువాత వచ్చే తుపానుకు మంచినీటి పొర అడ్డుపడుతుంది కనుక, సముద్రపు పైభాగం అంతగా చల్లబడదు. మోడల్‌లో ఈ పొర సరిగా లేకపోతే తుపాను లెక్క కూడా తప్పుతుంది.

మోడల్ సముద్రాన్ని గడులుగా విభజిస్తుంది. ఒక్కో గడి అడ్డం పది కిలోమీటర్లున్నా, నీరు పైకీ కిందికీ కలిసే సుడులు అంతకన్నా ఎంతో చిన్నవి కాబట్టి, వాటిని నేరుగా లెక్కించలేక సూత్రాలతో అంచనా వేస్తాం. ఆ అంచనాలో కొద్దిపాటి పొరపాటున్నా, నదుల నీరు కొన్ని నెలల్లోనే లోతుకు కలిసిపోయి, మోడల్‌లోని బంగాళాఖాతం అసలైనదాని కన్నా ఉప్పగా తయారవుతుంది. దీనికి వాడుకలో ఉన్న ఉపాయం ఒకటుంది: పైనీటి ఉప్పదనాన్ని పరిశీలనల సగటు వైపు నిరంతరం కొద్దికొద్దిగా లాగుతూ ఉండటం. విద్యార్థిగా నేనూ అదే చేశాను; పటాలు ఎంతో చక్కగా సరిపోయాయి. ఆ తరువాత ఒకసారి ఆ లాగుడును తీసివేసి నడిపితే, కొన్ని మోడల్ సంవత్సరాలకే మంచినీటి పొర కరిగిపోయింది. అంతకాలం నేను మోడల్ పనితనమనుకున్నది పరిశీలనల నుంచి అరువు తెచ్చుకున్నదే.

వాతావరణ మార్పు గురించిన అంచనాల్లో ఈ ఉపాయాన్ని వాడటాన్ని నేను ఒప్పుకోలేను. 2050లో బంగాళాఖాతం ఎంత ఉప్పగా ఉంటుందో ఎవరూ కొలిచి ఉండరు. నేటి సగటు వైపు లాగితే, మనం తెలుసుకోవలసిన మార్పునే మనం చెరిపివేసినట్టవుతుంది.

అందుకే ఇప్పుడు లాగుడు లేకుండానే నడుపుతున్నాను. నదీజలాన్ని పైగడుల్లోనే విడుదల చేసి, గాలిని నెలసరి సగటుగా కాక గంటల వారీగా ఇచ్చి, పై పొరలను మరింత పలుచగా విభజించాను. ఫలితాలను ఆర్గో ఫ్లోట్ల (సముద్రంలో తేలుతూ తిరిగే స్వయంచాలక పరికరాల) కొలతలతో పోల్చి చూస్తాను; అవి 2000 మీటర్ల లోతు నుంచి పైకి వస్తూ ఉష్ణోగ్రతనూ ఉప్పునూ కొలిచి, పది రోజులకోసారి ఉపగ్రహానికి పంపుతాయి. పోయిన వారం చూసిన పోలికలో మంచినీటి పొర డిసెంబరు దాకా నిలిచింది, కాని ఫ్లోట్ చూపినదాని కన్నా ఇంకా మందంగానే ఉంది. రాత్రివేళ పైనీరు చల్లబడి మునిగే తీరును మోడల్ ఎక్కువ చేస్తోందని నా అనుమానం. మోడల్‌ను మళ్లీ నడపడానికి దానికోసమే సిద్ధం చేస్తున్నాను.