పాత డీజిల్ బ్రెజ్జా కొన్నాక: ఇప్పటిదాకా అయిన పనులు, ఖర్చులు

ఈ ఏడాది జనవరిలో 2018 మోడల్ మారుతి విటారా బ్రెజ్జా, వీడీఐ వేరియంట్ తీసుకున్నాం. డీజిల్, 5 గేర్ల మాన్యువల్, సింగిల్ ఓనర్, మీటరు మీద 71 వేల కిలోమీటర్లు, 6 లక్షల 35 వేలకి బేరం తెగింది. సెకండ్ హ్యాండ్ కారు వెతికేవాళ్లకి పనికొస్తుందని అన్నీ వరసగా రాస్తున్నాను.

ఈ బండే ఎందుకంటే, మాకు హైదరాబాద్ నుంచి ఊరికి తరచుగా వెళ్లాల్సిన పని ఉంటుంది. సూర్యాపేట దాటాక హైవే దిగి లోపలికి పోయే రోడ్డు వానాకాలంలో గుంతలమయం, చిన్న కార్లకి అడుగు తగులుతుంది. 198 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ విలువ అక్కడే తెలుస్తుంది. పైగా అమ్మకి మోకాళ్ల నొప్పులు. ఈ సీటు ఎత్తు ఎలా ఉందంటే తను వంగి దిగబడక్కర్లేదు, పైకి ఎక్కక్కర్లేదు, తిన్నగా కూర్చుంటుంది. ఇక ఆ 1.3 లీటర్ల డీజిల్ ఇంజిన్. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 కాలుష్య నిబంధనలు వచ్చాక మారుతి డీజిల్ ఆపేసింది కాబట్టి కావాలంటే పాతదే దిక్కు. ఫియట్ డిజైన్ చేసిన ఈ ఇంజిన్ స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగాల్లోనూ వచ్చింది, అందుకే కోదాడలో ఆపినా నకిరేకల్‌లో ఆపినా దీన్ని విప్పి బిగించగలిగిన మెకానిక్ దొరుకుతాడు, స్పేర్ల గురించి టెన్షన్ లేదు.

2018 మే తర్వాత తయారైనదే చూడాలని ముందే అనుకున్నాను. అప్పటి నుంచే రెండు ఎయిర్‌బ్యాగులు, ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసేది) అన్ని వేరియంట్లలోనూ తప్పనిసరిగా వచ్చాయి. అంతకుముందు వీడీఐల్లో ఆప్షన్ ప్యాక్ తీసుకున్నవాళ్లకే ఈ రెండూ ఉంటాయి, అందుకని మోడల్ ఏడాది ఒక్కటే చూస్తే సరిపోదు, తయారైన నెల కూడా ఆర్సీలో చూసుకోవాలి.

వెతుకుతున్నప్పుడు నన్ను బాగా భయపెట్టినవి నీళ్లలో మునిగిన బండ్లు. 2020 అక్టోబరులో హైదరాబాద్ వరదలు, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు కాలనీలు మునగడం అందరికీ తెలిసిందే, ఆ నీళ్లలో నానిన కార్లు ఎక్కడో ఒకచోట అమ్మకానికి వస్తాయి కదా. పాత కార్లు అమ్మే ఒక కన్సల్టెన్సీలో తెల్ల బ్రెజ్జా చూశాం, బయట తళతళలాడుతోంది, సీట్ కవర్లు కొత్తవి. డ్రైవర్ సీట్ బెల్టుని చివరిదాకా బయటికి లాగితే, లోపల చుట్టుకుని ఉండే భాగం మీద అరచేతి వెడల్పున గోధుమరంగు మరక, మధ్యలో ఎండిన బురద గీత. సీటు కింద పట్టాలకి తుప్పు. కార్పెట్ ఎత్తనివ్వలేదు, మేం కూడా ఇంకేం మాట్లాడకుండా వచ్చేశాం. బెల్టు లాగి చూడటానికి అర నిమిషం పట్టదు, మెకానిక్ అవసరం కూడా లేదు, దయచేసి ఎవరూ ఇది మానకండి.

ఢిల్లీ బండ్లు కూడా చవగ్గా కనిపిస్తాయి. అక్కడ పాత డీజిల్ బండ్ల మీద ఆంక్షల గొడవ కాబట్టి ఇటు వస్తుంటాయి, కానీ అక్కడి ఆర్టీఓ ఆఫీసు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెప్పించుకుని, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్ కట్టేసరికి ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది.

చివరికి దొరికింది హనుమకొండలో, రిటైరైన టీచరు గారి దగ్గర. "మెకానిక్‌ని తెచ్చుకో బాబూ, చూసుకున్నాకే రేటు మాట్లాడదాం" అన్నారు. ప్రతి సర్వీసు బిల్లూ ఒక ఫైల్లో పెట్టుకున్నారు, బిల్లుల మీద కిలోమీటర్లు వరసగా పెరుగుతూ వచ్చాయి, అది చూశాక మీటరు మీద నమ్మకం కుదిరింది. మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని ముందు రోజే ఫోన్ చేసి అడిగాను. చల్లటి ఇంజిన్ ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, సైలెన్సర్‌లో నల్లపొగ గానీ నీలంపొగ గానీ లేదు. ఇంజిన్ నడుస్తుండగా ఆయిల్ మూత వదులు చేసి పెట్టి చూస్తే అది ఎగిరిపడలేదు, ఎగిరితే ఇంజిన్ లోపల అరిగిందని అనుమానించాలి. బానెట్ బోల్టుల మీద స్పానర్ పడిన గుర్తుల్లేవు, అద్దాలన్నిటి మీదా తయారీ సంవత్సరం ఒకటే, అంటే యాక్సిడెంట్ అయి విప్పి మార్చిన ఛాయలు లేవు. వెనక డిక్కీలో మ్యాట్ ఎత్తి స్టెప్నీ గుంతలో వెల్డింగ్ కూడా చూశాం. టైర్ల మీద నాలుగంకెల కోడ్ 2118, అంటే 2018లో 21వ వారం, బండితో వచ్చిన టైర్లే. గాడి ఇంకా ఉన్నా రబ్బరు గట్టిపడి పక్కల పగుళ్లు వచ్చాయి, దాని మీదే పాతిక వేలు తగ్గించగలిగాం.

కాగితాల పని విసుగే గానీ చేసేటప్పుడే పూర్తిగా చేసుకోవాలి. లోన్ తీరిపోయినా ఆర్సీలో బ్యాంకు పేరు అలాగే ఉంది, ఫారం 35తో అది తీయించాకే మిగతా డబ్బులిచ్చాం. ఓనర్ పేరు మార్పు కోసం ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయి, పెండింగ్ చలాన్లు సార్ మా ముందే కట్టేశారు. ఇన్సూరెన్స్ 14 రోజుల్లోపు మన పేరు మీదికి మార్పించుకోవాలి, లేకపోతే మన బండికి దెబ్బ తగిలినప్పుడు క్లెయిమ్ దగ్గర పేచీ వస్తుంది. అమ్మినవాళ్ల నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) మనకి రాదు, ఆ తేడా మనమే కట్టాలి. ఫాస్టాగ్ కూడా పాత ఓనర్ క్లోజ్ చేస్తేనే మనకి కొత్తది వస్తుంది, ఆయన ఊళ్లో ఉండగానే చేయించేసుకోండి. నంబరు మాత్రం టీఎస్ 03తోనే ఉంటుంది, టీజీ అన్నది 2024 మార్చి నుంచి కొత్త రిజిస్ట్రేషన్లకే.

ఇంటికొచ్చాక మొదటి నెలలో అయిన పనులు. మా ఉప్పల్ మెకానిక్ జాకీ మీద ఎత్తి, చక్రాన్ని రాడ్డుతో కదిలించి చూపించాడు, చక్రాన్ని బాడీకి కలిపే లోయర్ ఆర్మ్ బుష్ రబ్బరు చీలి అందులోంచి ఇనుము కనిపిస్తోంది. "ఇంజిన్ మస్తుందన్నా, కింద బుష్‌లే పోయినయ్" అన్నాడు. బుష్‌లు, లింక్ రాడ్లు, ఒక స్ట్రట్ మౌంట్ కలిపి 9 వేలు. ఇంజిన్ ఆయిల్, అన్ని ఫిల్టర్లు, కూలెంట్, బ్రేక్ ఆయిల్, గేర్ ఆయిల్ మొత్తం మార్పించడానికి 11 వేలు, బ్యాటరీ 6 వేల 500, నాలుగు టైర్లు అలైన్‌మెంట్‌తో కలిపి 30 వేల పైనే. అన్నీ చూసుకుంటే 57 వేల దాకా తేలింది, అంటే కొన్న ధరలో దాదాపు పదోవంతు. ఈ డబ్బు పక్కన పెట్టుకునే బేరానికి దిగాలి అన్నది నా గట్టి అభిప్రాయం. ఎందుకంటే ఈ పనులయ్యాక బండి నిజంగా వేరేలా నడుస్తోంది, గుంతలో పడితే వచ్చే ఆ టకటక పోయింది, 90 మీద స్టీరింగ్ ఎడమకి లాగడం పోయింది.

నడపడం విషయానికొస్తే, 1,800 ఆర్‌పీఎం లోపల ఇంజిన్‌కి ఊపు ఉండదు. ట్రాఫిక్‌లో సెకండ్ గేర్‌కి దిగడం అలవాటు చేసుకోవాలి. అది దాటాక టర్బో అందుకుంటే మాత్రం నలుగురు మనుషులు, సామాన్లు ఉన్నా లారీని దాటడానికి ఆలోచించక్కర్లేదు. మార్చిలో శ్రీశైలం వెళ్లాం. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు కాబట్టి తెల్లవారాక అడవిలోకి దిగేలా బయల్దేరాం. దోమలపెంట దాటి డ్యామ్ వైపు దిగే మలుపుల్లో బ్రేకు తొక్కుతూ పోకుండా సెకండ్ గేర్‌లో వదిలితే ఇంజినే పట్టి ఉంచుతుంది, బ్రేకులు వేడెక్కిన వాసన ఎక్కడా రాలేదు. పైకి ఎక్కాక ఒక నిమిషం ఐడిల్‌లో ఉంచి అప్పుడు ఆపుతున్నాను, టర్బోకి అది మంచిది.

ట్యాంకు నిండా కొట్టించి, మళ్లీ నిండా కొట్టించి లెక్కేస్తే సిటీలో 15, 16, విజయవాడ హైవే మీద 80, 90లో పోతే 21 వస్తోంది. డిక్కీ పెద్దదేం కాదు, ఊరి నుంచి బియ్యం బస్తా, మామిడికాయల గంప పెడితే బ్యాగులు సీట్లోకి రావాల్సిందే. లోపలికి డీజిల్ శబ్దం బాగానే వినిపిస్తుంది. లైట్లు రాత్రిపూట వానలో చాలవు, అది త్వరలో చూడాలి.

వానలు మొదలయ్యాక వైపర్ బ్లేడ్లు మార్చాను. అద్దం కింద జాలీలో వేపాకు నిండిపోయి నీళ్లు ఆగుతుంటే తీసి శుభ్రం చేశాను, ఏసీ వాసన దాంతోనే పోయింది. డీజిల్ ఫిల్టర్ కింద నీళ్లు వదిలించడం కూడా అయింది.

ఇప్పుడు మీటరు 82 వేలు దాటింది. క్లచ్ కొంచెం బరువెక్కింది, పెడల్ బాగా పైకి వచ్చాకే పట్టుకుంటోంది. ప్లేట్, ప్రెషర్ ప్లేట్, బేరింగ్ మూడూ ఒకేసారి మార్పించాలనుకుంటున్నాను. గేర్‌బాక్స్ ఒకసారి దింపాక ఒక్క ప్లేటు మార్చి వదిలేయడంలో అర్థం లేదు, మళ్లీ దింపితే మళ్లీ అదే కూలి. రేట్లు అడుగుతున్నాను, దసరాకి ఊరెళ్లేలోపు చేయించేస్తాను.