కంప్రెషన్ బాగానే ఉంది, మరి ఆయిల్ ఎటు పోతోంది?

600 కిలోమీటర్లకు 180 మిల్లీలీటర్లు. నా నోట్‌బుక్‌లో ఆ అంకె కింద రెండు గీతలు గీసి ఉన్నాయి. ఈ ఇంజిన్‌లో పట్టేదే ఒక లీటరు. పిస్టన్, క్యామ్, గేర్లు, క్లచ్ అన్నీ ఆ లీటరు మీదే బతకాలి. అందులో ఐదో వంతుకు దగ్గరగా మాయమైంది. బండి కింద మాత్రం ఒక్క చుక్క లేదు.

ముందు బండి సంగతి. గాలికి చల్లబడే సింగిల్ సిలిండర్. అసలు బోర్ (సిలిండర్ లోపలి వెడల్పు) 57 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం) 58.6, అంటే 149.5 సీసీ. దానికి 63 మిల్లీమీటర్ల పిస్టన్‌తో కొత్త బ్లాక్ వేయించాను. ఇప్పుడు 182.7 సీసీ. బోర్‌తో పాటు లిఫ్ట్ ఎక్కువున్న (వాల్వులను ఇంకా ఎక్కువ తెరిచే) క్యామ్, దానికి తగ్గ గట్టి వాల్వ్ స్ప్రింగులు, కొత్త వాల్వ్ సీల్స్ (వాల్వ్ కాండం వెంట ఆయిల్ దిగకుండా ఆపేవి), పెద్ద కార్బురేటర్ కూడా పడ్డాయి. ఇన్ని ఒకేసారి మార్చడమే తర్వాత నాకు పెద్ద చిక్కు తెచ్చింది. తప్పు ఏ భాగం దగ్గరుందో ఒక్క చూపులో చెప్పే వీలు లేకుండా పోయింది.

పవర్ మాత్రం అద్భుతంగా వచ్చింది. ఎత్తు ఎక్కేటప్పుడు గేరు దించాల్సిన చోట ఇప్పుడు దించక్కర్లేదు. అందుకే మొదటి 500 కిలోమీటర్లలో 140 మిల్లీలీటర్లు తగ్గినా పట్టించుకోలేదు. పిస్టన్ చుట్టూ ఉండే కొత్త రింగులు సిలిండర్ గోడకు కూర్చునేదాకా కొంచెం తాగుతుందని అందరూ అంటారు, అది నిజమే. కానీ రింగులు కూర్చుంటున్న కొద్దీ ఆ అంకె తగ్గుతూ రావాలి. నాది తగ్గలేదు. వెయ్యి కిలోమీటర్లకు లెక్క వేస్తే మొదట 280, తర్వాత 300. అక్కడి నుంచి నాకు టెన్షన్ పట్టుకుంది.

ఈ కొలత ఎలా తీశానో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే మోసపోతారు. సైడ్ స్టాండ్ మీద ఒంగి ఉన్న బండికి డిప్‌స్టిక్ చూస్తే ఒక అంకె, నిటారుగా నిలబెట్టి చూస్తే ఇంకో అంకె. అప్పుడే ఆపిన ఇంజిన్‌లో కొంత ఆయిల్ ఇంకా పైన హెడ్‌లోనే ఉంటుంది. నేను ఎప్పుడూ చదునైన ఒకే చోట, సెంటర్ స్టాండ్ మీద, ఇంజిన్ వేడెక్కాక ఆపి పది నిమిషాలు ఆగి చూస్తాను. డిప్‌స్టిక్‌ను మర తిప్పి బిగించి చూడాలా, ఊరికే ఆనించి చూడాలా అన్నది మాన్యువల్‌లో ఉంటుంది, బండిని బట్టి మారుతుంది. తగ్గినంత మేర 50 మిల్లీలీటర్ల సిరంజితో పై గీత దాకా పోస్తాను. ఎన్ని సిరంజిలు పట్టాయో అదే నా లెక్క. 'కొంచెం తాగుతోంది' అన్న మాటతో ఏ నిర్ణయమూ తీసుకోలేం.

బయటికి కారుతోందేమో మొదట చూశాను. ఇంజిన్ శుభ్రంగా కడిగి, ఆరాక జాయింట్ల మీద టాల్కమ్ పౌడర్ చల్లి 50 కిలోమీటర్లు తిప్పాను. కారితే పౌడర్ మీద చార కనిపిస్తుంది. ముందు స్ప్రాకెట్ కవర్ కూడా విప్పాను. అక్కడ షాఫ్ట్ సీల్ కారితే చైన్ గ్రీజు, మట్టి కింద దాక్కుంటుంది, నెలల తరబడి తెలియదు. అంతా పొడిగా ఉంది. అంటే ఆయిల్ లోపలే కాలిపోతోంది.

లోపల కాలడానికి ముఖ్యంగా మూడు దారులు. రింగులు దాటి కింద నుంచి పైకి రావడం ఒకటి. వాల్వ్ కాండం వెంట, సీల్ దాటి పై నుంచి కిందికి దిగడం రెండోది. మూడోది బ్రీదర్ పైపు, అంటే ఇంజిన్ అడుగు గది (క్రాంక్‌కేస్) గాలిని బయటికి వదిలేది. పిస్టన్ పెద్దదైతే అది కిందికి వచ్చిన ప్రతిసారీ క్రాంక్‌కేస్‌లో గాలిని ఇంతకుముందుకన్నా గట్టిగా తోస్తుంది. పాత సన్నని బ్రీదర్ ఆ గాలితో పాటు ఆయిల్ తుంపరను కూడా ఎయిర్ ఫిల్టర్ బాక్స్‌లోకి పంపుతుంది, ఇంజిన్ దాన్ని మళ్లీ పీల్చుకుని కాల్చేస్తుంది. దీన్ని తేల్చడం సులువు. బ్రీదర్ పైపును బాక్స్ నుంచి తీసి, పొడవైన గొట్టం తగిలించి, మూతకు చిన్న రంధ్రం ఉన్న ప్లాస్టిక్ సీసాలోకి వదిలాను. బాక్స్ వైపు రంధ్రం మూసేశాను. 300 కిలోమీటర్ల తర్వాత సీసాలో ఒక చెంచాడు తెల్లటి నురుగు లాంటిది చేరింది, అంతే. ఆయిల్ మాత్రం ఎప్పటిలాగే 90 తగ్గింది. బ్రీదర్ కాదు.

ఇక మిగిలినవి రెండు. ఇక్కడే నేను దారి తప్పాను.

సిలిండర్‌లో గాలి ఎంత ఒత్తిడికి నొక్కుకుంటుందో చూపే కంప్రెషన్ గేజ్ పెట్టాను. థ్రాటిల్ పూర్తిగా తెరిచి తిప్పితే 172 పీఎస్ఐ. ప్లగ్ రంధ్రంలోంచి చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ చూస్తే 178. రింగులు లీకైతే ఆయిల్ పోశాక బాగా పెరగాలి, ఇక్కడ పెరిగింది ఆరే. లీక్‌డౌన్ పరీక్ష కూడా చేశాను. పిస్టన్ పూర్తిగా పైకి వచ్చి (టాప్ డెడ్ సెంటర్‌లో), రెండు వాల్వులూ మూసి ఉండగా 100 పీఎస్ఐ గాలి పంపితే రెండో గేజ్ 93 చూపించింది. ఏడు శాతం లీకు. ఇంత పని జరిగిన ఇంజిన్‌కు అది మంచి అంకె.

నాకు పని చేసిపెట్టే మెకానిక్ నాకన్నా చాలా పెద్దాయన, చేయి తిరిగిన మనిషి. ఆయన మాట వేరుగా ఉంది. "బాబూ, కంప్రెషన్ చూపించేది పై రెండు రింగుల సంగతి. ఆయిల్ రింగ్ సంగతి గేజ్‌కి తెలీదు" అన్నారు. అది నూటికి నూరు పాళ్లు నిజం. మూడో రింగ్ గ్యాస్‌ను ఆపదు, గోడ మీది ఆయిల్‌ను గీకి కిందికి పంపుతుంది. దాని మధ్యలో ఉండే ఎక్స్‌పాండర్ కొసలు ఒకదానికొకటి ఆనాల్సింది పోయి ఒకదాని మీదికి ఒకటి ఎక్కితే చాలు, కంప్రెషన్ చక్కగా ఉంటూనే ఇంజిన్ ఆయిల్ తాగుతుంది. పైగా ఎక్కువ ఆయిల్ పైకి వస్తుంటే ఆ ఆయిలే రింగులకు సీల్‌లా పనిచేసి గేజ్‌లో ఇంకాస్త మంచి అంకె చూపించవచ్చు కూడా.

ఆ మాట అంత సరిగా ఉండేసరికి నేను రెండో దారిని పూర్తిగా చూడకుండానే బ్లాక్ విప్పించాను. ఆయన చెప్పిన సూత్రం తప్పు కాదు. నా ఇంజిన్‌కు అది వర్తిస్తుందా అని అడగకపోవడం నా తప్పు.

బ్లాక్ దించితే ఏముంది? సిలిండర్ గోడ మీద కావాలని గీసే హోనింగ్ గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ, పదునుగా, కొత్తగానే ఉన్నాయి. ఎక్కడా అద్దంలా మెరిసే మచ్చ లేదు. పై రింగును బోర్‌లో పెట్టి ఫీలర్ గేజ్‌తో చూస్తే గ్యాప్ 0.27 మిల్లీమీటర్లు. ప్రతి 25 మిల్లీమీటర్ల బోర్‌కు 0.1 అన్న లెక్కన 63కి 0.25 రావాలి, సరిపోయింది. రింగుల మీది గుర్తు పైకే ఉంది, గ్యాపులు దూరం దూరంగానే ఉన్నాయి. ఎక్స్‌పాండర్ కొసలు బుద్ధిగా ఆనుకుని ఉన్నాయి. ఎలాగూ విప్పాం కదా అని కొత్త రింగులు వేసి మూసేశాం. హెడ్ చేతిలోనే ఉంది, వాల్వులు విప్పలేదు. ఆ రోజు గురించి ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మళ్లీ 600 కిలోమీటర్లు. 170 మిల్లీలీటర్లు.

ఈసారి ఇంజిన్ ముట్టుకోలేదు. నా స్నేహితుణ్ని ఇంకో బండి మీద వెనకాల రమ్మని, పొగ ఎప్పుడు వస్తుందో మాత్రమే చూడమన్నాను. నిండు థ్రాటిల్‌లో లాగినప్పుడు ఏమీ లేదు. పొడవైన పల్లంలో గేర్‌లోనే ఉంచి, థ్రాటిల్ మూసి దిగి, కింద మళ్లీ తెరిచినప్పుడు సైలెన్సర్‌లోంచి ఒక నీలం మేఘం వచ్చిందట. "అరే, అంత పొగ నీకు తెలియట్లేదా?" అన్నాడు. బండి నడిపేవాడికి వెనక పొగ ఎలా కనిపిస్తుంది? పొద్దున్నే మొదటి స్టార్ట్‌లో కూడా ఒక చిన్న నీలం తెర వచ్చి పోతోంది.

థ్రాటిల్ మూసి దిగుతున్నప్పుడు ఇన్‌టేక్ వైపు వాక్యూమ్ బాగా పెరుగుతుంది. సీల్ సరిగా లేకపోతే ఆ వాక్యూమ్ వాల్వ్ కాండం వెంట ఆయిల్‌ను కిందికి లాగుతుంది. అయితే ఆయిల్ రింగ్ చెడినా ఇదే సమయంలో పొగ రావచ్చు, కాబట్టి పొగ ఒక్కటే సాక్ష్యం చాలదు. రాత్రంతా నిలిపాక వచ్చే పొగ మాత్రం వాల్వ్ వైపే వేలు చూపిస్తుంది, హెడ్‌లో నిలిచిన ఆయిల్ కాండం వెంట మెల్లగా దిగుతుంది గనక. ప్లగ్ కూడా ఇన్‌టేక్ వాల్వ్ వైపు ఒక్క పక్కే తడిగా, నల్లగా ఉంది. పెట్రోల్ పాలు ఎక్కువై మిక్స్చర్ రిచ్ అయితే వచ్చే మసి పొడిగా, చుట్టూ ఒకేలా ఉంటుంది. ఇది వేలికి జిడ్డుగా అంటింది.

అప్పుడు చేసిన పనిని ముందే చేసి ఉంటే బ్లాక్ విప్పే పని ఉండేది కాదు. కార్బురేటర్ తీసి, ఇన్‌టేక్ పోర్ట్‌లోకి టార్చ్ వేశాను. వాల్వ్ కాండం నూనెలో ముంచినట్టు మెరుస్తోంది. వాల్వ్ వెనక భాగం మీద నల్లటి జిగురు పొర. బ్రీదర్ నుంచి వచ్చినా పోర్ట్ ఇలాగే తడుస్తుంది, కానీ నా బ్రీదర్ ఇంకా సీసాలోకే వెళ్తోంది. ఆ ఆయిల్ సీల్ దాటి రావాల్సిందే. ఇరవై నిమిషాల పని.

హెడ్ విప్పాం. వాల్వ్ కాండం జారే గొట్టంలో, అదే గైడ్‌లో, వాల్వ్‌ను ఊపి చూస్తే ఆట లేదు. సీల్ చూస్తే పై అంచు నలిగి చదునుగా అయిపోయింది, పెదవి చుట్టూ ఉండే సన్నని స్ప్రింగ్ తన గాడిలోంచి బయటికొచ్చింది. సీల్ మార్చేస్తే పని అయిపోయిందనుకోవచ్చు. కానీ కొత్త సీల్ రెండు వేల కిలోమీటర్లకే ఇలా ఎందుకైంది? పెద్దాయన స్ప్రింగ్ పై కప్పును, అదే రిటైనర్‌ను, చేతిలో తిప్పి చూసి నాకిచ్చారు. దాని అడుగున గుండ్రంగా ఒక మెరిసే వలయం ఉంది. అది సీల్ కొలతలోనే ఉంది.

స్ప్రింగ్ తీసేసి, వాల్వ్‌కు రిటైనర్, దాన్ని పట్టి ఉంచే లాకులు మాత్రమే బిగించి, అది సీల్‌ను తాకేదాకా చేత్తో కిందికి నొక్కి వెర్నియర్‌తో కొలిచాం. 8.6 మిల్లీమీటర్ల చోటుంది. అసలు క్యామ్ వాల్వ్‌ను 7.4 మిల్లీమీటర్లు తెరిచేది. కొత్త క్యామ్ 8.9. వాల్వ్ కొస దగ్గర వదిలే చిన్న ఖాళీ, అదే ట్యాపెట్ సందు, తీసేస్తే 8.8. అంటే వాల్వ్ తెరుచుకున్న ప్రతిసారీ రిటైనర్ వచ్చి సీల్ నెత్తిన 0.2 మిల్లీమీటర్లు నొక్కుతోంది. ఇంజిన్ 6,000 ఆర్‌పీఎమ్‌లో ఉంటే నిమిషానికి 3,000 సార్లు. ఎగ్జాస్ట్ వైపు లిఫ్ట్ కాస్త తక్కువ, 8.3, అందుకే అక్కడ తాకలేదు. అయినా మిగిలిన సందు చాలా చిన్నది. పూర్తి లిఫ్ట్‌లో రిటైనర్‌కూ సీల్‌కూ మధ్య కనీసం ఒకటి, ఒకటిన్నర మిల్లీమీటర్లు ఉండాలి.

క్యామ్ మార్చేటప్పుడు వాల్వ్ పిస్టన్‌కు తగులుతుందేమో అని పిస్టన్ మీద మెత్తటి మట్టి పెట్టి చూశాం. స్ప్రింగ్ చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయేమో అని కూడా చూశాం. ఈ మూడోది మాత్రం ఎవరికీ తట్టలేదు. క్యామ్ లిఫ్ట్ పెంచే ఆలోచనలో ఉన్నవాళ్లు దయచేసి దీన్ని కొలవండి. పది నిమిషాలు పట్టదు.

సరి చేయడానికి గైడ్ పై కొసను కొంత కోయించవచ్చు, సీల్ పట్టుకునే గాడి మిగిలేలా చూసుకోవాలి. నేను ఎత్తు 1.9 మిల్లీమీటర్లు తక్కువున్న సీల్స్ వెతికి రెండు వైపులా వేయించాను. ఇన్‌టేక్ వైపు ఇప్పుడు 1.7 మిల్లీమీటర్ల సందు ఉంది. సీల్ ఎక్కించేటప్పుడు వాల్వ్ కాండం కొసన లాకులు కూర్చునే గాడి మీద సన్నని ప్లాస్టిక్ తొడుగు పెట్టి, ఆయిల్ రాసి దించాం. ఆ గాడి అంచు బ్లేడులా ఉంటుంది, కొత్త పెదవిని అక్కడే కోసేస్తుంది.

ఈ మధ్యలో 10డబ్ల్యూ-30 ఆయిల్ తీసేసి ఇంకా చిక్కనైన 20డబ్ల్యూ-50 పొయ్యమని ఇద్దరు ముగ్గురు సలహా ఇచ్చారు. పోస్తే అంకె కొంచెం తగ్గేదే. సీల్ నలగడం మాత్రం ఆగేది కాదు, నాకు తెలిసేదీ కాదు. పొయ్యకుండా ఉన్నందుకు సంతోషంగా ఉంది.

బ్రీదర్ మళ్లీ బాక్స్‌కు తగిలించాను. స్నేహితుడు అదే పల్లంలో వెనకాలే వచ్చాడు, రెండుసార్లు దిగాం, పొగ లేదు. నోట్‌బుక్‌లో చివరి వరుస ఇది: 800 కిలోమీటర్లు, 20 మిల్లీలీటర్లు. వచ్చే 500కి మళ్లీ చూడాలి.